న్యాయశాస్త్ర స్నాతకోత్తర సిద్ధాంతవ్యాసంలో సమన్వయం: సాక్షి క్రియాపదం ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం

ఎల్ఎల్.ఎం. చివర సమర్పించే సిద్ధాంతవ్యాసం అంతవరకు విడివిడిగా చదివిన శాస్త్రభాగాలను ఒకచోటికి తేవాలి. ఆచరణలో అది తరచుగా సంకలనంగా మిగిలిపోతున్నది. సమన్వయం అధ్యాయాల అమరికలో ఉండదనీ, ఒక శాస్త్రభాగం ఇచ్చిన జవాబు మరొక శాస్త్రభాగంలోని ప్రశ్నను నిర్ణయించే చోట ఉంటుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బాలిక అపహరణ కేసులలో సాక్షులు వాడే ‘తీసుకెళ్ళాడు’ అనే క్రియను ఉదాహరణగా తీసుకొని, శిక్షాస్మృతి, ప్రక్రియ, సాక్ష్యం, రాజ్యాంగం, భాషాశాస్త్రం ఒకే ప్రశ్న దగ్గర ఎట్లా కలుస్తాయో వివరిస్తుంది.

కీలకపదాలు: సిద్ధాంతవ్యాసం, సమన్వయం, సాక్ష్యం నమోదు, న్యాయస్థాన భాష, అనువాదం, పాఠాంతరం.

1. ప్రవేశిక

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2013లో ఏడాది ఎల్ఎల్.ఎం.కు మార్గదర్శకాలు ఇచ్చింది. పరిశోధన పద్ధతులు–న్యాయరచన, తులనాత్మక ప్రజాశాసనం, ప్రపంచీకరణ యుగంలో చట్టం–న్యాయం అనే మూడు పత్రాలను అందరికీ తప్పనిసరి చేసింది. వీటికి ఐచ్ఛిక పత్రాలు తోడవుతాయి. చివర సిద్ధాంతవ్యాసం ఉంటుంది. రెండేళ్ళ కోర్సులోనూ క్రమం ఇంచుమించు ఇదే. ఈ ఏర్పాటు వెనుక ఒక ఆశయం ఉన్నది: తరగతిలో వేర్వేరు పత్రాలుగా నేర్చిన విషయాలను విద్యార్థి తన సొంత సమస్య మీద ఒకేసారి ప్రయోగించి చూపాలి.

తరచుగా జరిగేది వేరు. మొదటి అధ్యాయం విషయ పరిచయం, రెండవది చారిత్రక నేపథ్యం. ఆ తరువాత రాజ్యాంగ నిబంధనలు, అంతర్జాతీయ ఒడంబడికలు, తీర్పులు వరుసగా వస్తాయి. చివరిది ముగింపు–సూచనలు. ఈ చట్రం తప్పేమీ కాదు. కానీ అంశం ఏదైనా ఈ చట్రంలో ఇమిడిపోతున్నదంటే, చట్రానికీ అంశానికీ సంబంధం లేదన్నమాట. చారిత్రక నేపథ్యం వేదకాలం దగ్గర మొదలైతే ఆ సంబంధం మరీ పలచబడుతుంది. పరీక్షకులకు ఒక చిన్న కొలబద్ద ఉపయోగపడుతుంది. ఏదో ఒక అధ్యాయాన్ని పక్కన పెట్టి మిగిలినవి చదవాలి. వాటిలో ఒక్క వాక్యం కూడా మార్చవలసిన అవసరం రాకపోతే, ఆ అధ్యాయం వ్యాసానికి చెందినది కాదు.

2. అంశం, ప్రశ్న

‘న్యాయస్థానాలలో తెలుగు వినియోగం’ ఒక అంశం. తెలుగు రాష్ట్రాలలో న్యాయవిద్యార్థులకు సహజంగా ఆసక్తి కలిగించేది, భాషాభిమానం వల్ల కొంత ఆవేశంతోనూ రాయించేది. అయితే అది ప్రశ్న కాదు. దాని మీద రాసినవారు 348వ అధికరణ నుంచి మొదలుపెట్టి, అధికార భాషా చట్టాన్ని స్పృశించి, కిందికోర్టులలో తెలుగును కచ్చితంగా అమలు చేయాలన్న సూచనతో ముగిస్తారు. ఆ సూచన పరిశోధనకు ముందు కూడా వారి దగ్గర ఉన్నదే.

ఇదే అంశాన్ని ప్రశ్నగా మార్చవచ్చు: సాక్షి తెలుగులో చెప్పిన మాటను న్యాయస్థానం ఇంగ్లీషులో మాత్రమే నమోదు చేసినప్పుడు, ఆ లోపం కారణంగా తీర్పు ఎప్పుడు నిలవకుండా పోతుంది?

ఈ ప్రశ్నకు ప్రక్రియాస్మృతి ఒక్కటే జవాబు చెప్పలేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 511వ సెక్షను (పాత స్మృతిలో 465) ప్రకారం విచారణలో జరిగిన పొరపాటు, లోపం లేదా క్రమరాహిత్యం వల్లనే తీర్పు రద్దు కాదు. దానివల్ల న్యాయానికి విఘాతం కలిగి ఉండాలి. అయితే సాక్ష్యం భాష మారినందువల్ల న్యాయానికి విఘాతం కలిగిందని దేనిని బట్టి చెప్పాలి? ఆ జవాబు ప్రక్రియలో దొరకదు. మారిన మాట నేరనిర్వచనంలోని ఒక మూలాంశాన్ని నిరూపించే మాటేనా అన్నది శిక్షాస్మృతిని అడగాలి. ఇంగ్లీషు మాట అసలు మాటకంటే ఎక్కువ చెప్పిందా, తక్కువ చెప్పిందా అన్నది తెలుగు భాషను అడగాలి. ప్రక్రియాస్మృతి లేవనెత్తిన ప్రశ్నకు శిక్షాస్మృతి, భాషాశాస్త్రం కలిసి జవాబిస్తున్నాయి. సమన్వయం అనే మాటకు సిద్ధాంతవ్యాసంలో ఉండదగిన అర్థం ఇదే.

3. ‘తీసుకెళ్ళాడు’

భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షను (పాత శిక్షాస్మృతిలో 361) ప్రకారం బాలుణ్ణి లేదా బాలికను చట్టబద్ధ సంరక్షకుల అనుమతి లేకుండా వారి సంరక్షణ నుంచి తీసుకుపోవడం గానీ, ప్రలోభపెట్టి రప్పించడం గానీ అపహరణ. బాలిక సమ్మతికి ఇక్కడ విలువ లేదు. కానీ ‘తీసుకుపోవడం’ జరిగిందని మాత్రం నిరూపించాలి.

ఎస్. వరదరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఈ క్రియ మీదనే నిలబడి ఆలోచించింది. ఏఐఆర్ 1965 సంపుటంలో అచ్చయిన ఈ తీర్పు మద్రాసు రాష్ట్రానికి చెందిన కేసులోనిది. మేజరు కావడానికి దగ్గరగా ఉన్న, తాను చేస్తున్నదేమిటో తెలిసిన బాలిక స్వయంగా ఇల్లు విడిచి వచ్చి ఒక వ్యక్తిని కలుసుకొని అతనితో వెళ్ళింది. సంరక్షణ నుంచి తీసుకుపోవడం వేరు, తనతో రావడానికి బాలికను అనుమతించడం వేరు అని న్యాయస్థానం స్పష్టం చేసింది. ఆమె ఆ నిర్ణయానికి రావడంలో నిందితుడి ప్రేరణ గానీ క్రియాశీల పాత్ర గానీ రుజువు కావాలన్నది. అవి లేనప్పుడు అపహరణ నేరం నిలవదన్నది.

తీర్పు గీసిన ఈ గీత ఇంగ్లీషు క్రియల మధ్య గీత. తెలుగు సాక్షి మాట్లాడేటప్పుడు ఆ గీత అదే చోట ఉండదు. ‘నాన్న నన్ను తిరునాళ్ళకు తీసుకెళ్ళాడు’ అంటే అందులో బలవంతమూ లేదు, ప్రేరణా లేదు. కలిసి వెళ్ళారు, పెద్దవాడు ముందు నడిచాడు, అంతే. ‘తీసుకొని’ అన్నది ఇక్కడ పట్టుకోవడాన్ని కాక వెంట ఉండడాన్నే చెబుతుంది. పదహారేళ్ళ బాలిక న్యాయస్థానంలో ‘బస్టాండు దాకా వచ్చాను, అక్కడినుంచి విజయవాడ తీసుకెళ్ళాడు’ అంటే, ఆ వాక్యం వరదరాజన్ తీర్పు గీతకు ఏ పక్కన పడుతుందో క్రియ ఒక్కటే చెప్పలేదు. ఇంగ్లీషు నమోదులో మాత్రం అది నేరనిర్వచనంలోని క్రియగానే మారుతుంది. అనువదించిన వ్యక్తి అన్యాయం చేయాలనుకోనక్కరలేదు. నిఘంటువులో మొదట కనిపించే సమానార్థకం వాడితే చాలు.

మాండలికాల దగ్గర చిక్కు పెరుగుతుంది. రాయలసీమలో ‘పిల్చుకపోయినాడు’ అనేది మనిషిని వెంట తీసుకెళ్ళడానికి మామూలు మాట. పదాలు విడదీసి అనువదిస్తే అందులో పిలవడం ఉంది కనుక ప్రలోభం ఛాయ కనిపిస్తుంది. తెలంగాణలో ‘తోల్కపోయిండు’ కూడా అంతే మామూలు మాట. ధాత్వర్థం పశువులను తోలడం కనుక, అదే పట్టుకొని అనువదిస్తే బలప్రయోగం ధ్వనిస్తుంది. ఈ రెండింటిలోనూ అనువాదకుడి అక్షరనిష్ఠే అర్థాన్ని చెడగొడుతుంది.

ఇక ‘లేచిపోయింది’, ‘లేవదీసుకుపోయాడు’ అన్న జంటను చూడాలి. ఒకే సంఘటనను ఇరుగుపొరుగు మొదటి మాటతో చెబుతారు, తండ్రి రెండవ మాటతో చెబుతాడు. మొదటిదానిలో కర్త ఆమె, రెండవదానిలో కర్త అతను, ఆమె కర్మ. వరదరాజన్ తీర్పు రెండు వైపులా పెట్టిన అవకాశాలు తెలుగు నుడికారంలో ఈ రెండు క్రియలుగా ముందే ఉన్నాయి. కాకపోతే వాటిని ఎంచుకునేది సంఘటనను చూసిన కన్ను కాదు, చెప్పేవారి పరువు. తండ్రి నోట ‘లేచిపోయింది’ అన్న మాట రాదు. అందువల్ల తండ్రి సాక్ష్యంలోని క్రియను సంఘటన వర్ణనగా తీసుకోవడానికి ముందు దానిని కుటుంబ గౌరవ భాషగా పరిశీలించాలి. శిక్షాస్మృతి పాఠ్యపుస్తకంలో ఈ పరిశీలన ఉండదు. సామాజిక భాషాశాస్త్రం చదివినవారికి ఇది మొదటి మెట్టు.

4. వాంగ్మూలం ప్రతులు

ఒక సాక్షి మాట న్యాయస్థానం చేరేసరికి అనేక రూపాలు దాలుస్తుంది. ప్రథమ సమాచార నివేదిక ఉంటుంది. దర్యాప్తు అధికారి రాసుకున్న వాంగ్మూలం ఉంటుంది (180వ సెక్షను, పాతది 161). కొన్ని కేసులలో మేజిస్ట్రేటు నమోదు చేసిన వాంగ్మూలం ఉంటుంది (183, పాతది 164). ఆపైన విచారణలో ముఖ్య విచారణ, ఎదురు విచారణ. అప్పీలుకు వెళితే వాటి అనువాదాలు. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించేవారు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టుకొని, ఏ ప్రతికి ఏది మాతృక, ఏ పాఠాంతరం లేఖకుడి వల్ల వచ్చింది అని తేల్చే పద్ధతి తెలుగు పరిశోధకులకు సుపరిచితం. వాంగ్మూలానికి చేయవలసింది సరిగ్గా అదే పని. ఒక తేడా ఉన్నది: ఇక్కడ మాతృక కాగితం మీద లేదు. అది సాక్షి నోటిలో ఒకసారి పలికి పోయిన మాట.

ఈ ప్రతులలో పోలీసు వాంగ్మూలం పట్ల ప్రత్యేక జాగ్రత్త కావాలి. దానిపై సాక్షి సంతకం ఉండదు. సంతకం చేయించరాదని చట్టమే అంటుంది. ‘మాయమాటలు చెప్పి తీసుకెళ్ళాడు’ అనే పదబంధం వేర్వేరు ఊళ్ళ, వేర్వేరు వయసుల సాక్షుల వాంగ్మూలాలలో అదే వరుసలో కనిపిస్తే, అది సాక్షుల మాట కాదు, లేఖకుడి మాట అని అనుమానించాలి. ‘మాయమాటలు’ అన్న మాట చేరడంతో ప్రలోభం అనే మూలాంశం వాక్యంలోకి వచ్చి కూర్చుంటుంది.

న్యాయస్థానంలో నమోదుకు 312వ సెక్షను (పాతది 277) స్పష్టమైన నియమం పెట్టింది. సాక్షి న్యాయస్థాన భాషలో చెబితే ఆ భాషలోనే రాయాలి. వేరే భాషలో చెబితే, సాధ్యమైనచోట ఆ భాషలోనే రాసి న్యాయస్థాన భాషలోకి అనువాదం జతచేయాలి. సాధ్యం కానప్పుడు విచారణ సాగుతుండగానే న్యాయస్థాన భాషలోకి యథార్థమైన అనువాదం తయారు చేయించాలి. 313వ సెక్షను (పాతది 278) ఇంకొక రక్షణ ఇస్తుంది: నమోదు చేసిన సాక్ష్యాన్ని సాక్షికి చదివి వినిపించాలి, ఆ భాష సాక్షికి తెలియకపోతే అర్థం చెప్పి వినిపించాలి. సాక్షి అభ్యంతరం చెబితే, నమోదును సరిదిద్దకపోయినా ఆ అభ్యంతరాన్ని జ్ఞాపికగా రాయవచ్చు. ‘తోల్కపోయిండు’ అన్నమాట బలవంతంగా లాక్కుపోవడంగా నమోదైందని సాక్షి తెలుసుకోగల ఏకైక క్షణం అది. ఆ చదివింపు నిజంగా జరిగిందా, చివర ఒక ముద్రవాక్యంగా మాత్రమే ఉందా అన్నది రికార్డు చూసేవారు అడగవలసిన ప్రశ్న.

2023 జనవరిలో నయీం అహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గుర్తుచేసింది. సాక్షి న్యాయస్థాన భాషలోనో తన మాతృభాషలోనో చెప్పినదాన్ని ఇంగ్లీషు అనువాదంగా మాత్రమే నమోదు చేయడం అనుమతించదగినది కాదన్నది. విద్యార్థులు ఈ వాక్యాన్ని ఉటంకించి సంతృప్తి పడుతుంటారు. అడగవలసిన ప్రశ్న ఆ తరువాత ఉన్నది. ఆ కేసులో నిందితుడు నిర్దోషి అయినది వివాహ వాగ్దానం అబద్ధమా, కేవలం నెరవేరనిదా అన్న చర్చ మీద. భాష గురించిన మాట తీర్పుకు నిర్ణయ హేతువు కాదు, కిందికోర్టులకు చేసిన నిర్దేశం. కనుక నియమం ఉల్లంఘిస్తే తీర్పు ఏమవుతుందన్న ప్రశ్న ఆ కేసుతో తీరలేదు. సిద్ధాంతవ్యాసానికి చోటు అక్కడే ఉంది.

నమోదు భాషతోపాటు నమోదు రూపాన్నీ గమనించాలి. సాక్ష్యాన్ని సాధారణంగా కథనరూపంలో రాస్తారు. న్యాయమూర్తి తలచుకుంటే ప్రశ్నోత్తర రూపంలో రాయవచ్చు. ‘నిన్ను తీసుకెళ్ళాడా?’ అని న్యాయవాది అడిగితే బాలిక ‘ఊఁ’ అన్నదనుకుందాం. కథనరూపంలో అది ఆమె చెప్పిన పూర్తి వాక్యమవుతుంది. వరదరాజన్ తీర్పు ఆధారంగా తూచవలసిన క్రియ ఆమెది కానే కాదు, అడిగినవారిది. అందుకే క్రియ మూలాంశమైన కేసులలో ప్రశ్నోత్తర నమోదు కోరడం అనువాదం కోరడం కంటే ముందు రావాలనిపిస్తుంది.

ఎదురు విచారణలో పాత వాంగ్మూలంతో వైరుధ్యం చూపడం (భారతీయ సాక్ష్య అధినియమం 148వ సెక్షను) మరొక చిక్కు. 1959 నాటి తహసీల్దార్ సింగ్ తీర్పు నుంచి ఏది వైరుధ్యం, ఏ విస్మరణ వైరుధ్యం కిందికి వస్తుంది అన్న చర్చ సాగుతున్నది. పోలీసు వాంగ్మూలం తెలుగులో, న్యాయస్థాన నమోదు ఇంగ్లీషులో ఉన్నప్పుడు వైరుధ్యాన్ని రెండు భాషల మధ్య వెతుకుతున్నట్లే. ‘వెంట వెళ్ళాను’కూ, ‘అతను నన్ను తీసుకుపోయాడు’ అని అర్థమిచ్చే ఇంగ్లీషు వాక్యానికీ మధ్య కనిపించే వైరుధ్యం సాక్షిదో అనువాదానిదో నమోదు చూసి చెప్పడం సాధ్యం కాదు. సాక్షి మాట మార్చిందన్న ముద్ర మాత్రం సాక్షి మీదే పడుతుంది.

5. రాజ్యాంగం ఏ చోట ప్రవేశిస్తుంది

348వ అధికరణ అన్ని న్యాయస్థానాలకూ వర్తిస్తుందన్న భావన విద్యార్థులలో బలంగా ఉన్నది. అది సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారభాష గురించి మాత్రమే చెబుతుంది. రాష్ట్రపతి పూర్వసమ్మతితో గవర్నరు హైకోర్టు వ్యవహారాలలో రాష్ట్రభాషను అనుమతించవచ్చునన్న రెండవ ఖండం ఉన్నా, తీర్పులు, డిక్రీలు, ఉత్తర్వులకు అది వర్తించదు. 1963 అధికార భాషల చట్టం 7వ సెక్షను తీర్పులను కూడా రాష్ట్ర అధికార భాషలో ఇచ్చే వెసులుబాటును వేరే మార్గంలో కల్పించి, ఇంగ్లీషు అనువాదం జతచేయాలన్నది. కిందికోర్టుల భాష రాజ్యాంగంలో కాక 307వ సెక్షను (పాతది 272) కింద రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయంలో ఉంటుంది. కనుక విచారణ న్యాయస్థానం గురించిన పరిశోధనకు మొదటి ఆధారం రాజ్యాంగ వ్యాఖ్యానం కాదు, ఆ న్యాయస్థానానికి వర్తించే ప్రభుత్వ ప్రకటన. దాని ప్రతి చేతిలో లేకుండా 312వ సెక్షను ఉల్లంఘన జరిగిందని రాయడానికి వీలులేదు.

మరి ఈ ప్రశ్నలో రాజ్యాంగానికి చోటు ఎక్కడ? అప్పీలు దగ్గర. తెలుగు రికార్డు ఇంగ్లీషు న్యాయస్థానాన్ని కలిసే సంధి అది. సాక్షిని చూడని, ఆమె మాట వినని ధర్మాసనం కాగితం మీది క్రియను బట్టి నేరాన్ని తూచుతుంది. 348వ అధికరణ ఉన్నంతకాలం ఎక్కడో ఒకచోట అనువాదం తప్పదు. తప్పనిదైనప్పుడు మూలం రికార్డులో నిలిచి ఉందా లేదా అన్నదే తేల్చవలసిన విషయం. 312వ సెక్షను పాటించినచోట న్యాయవాది అనువాదాన్ని మూలంతో పోల్చి సవాలు చేయగలడు. పాటించనిచోట పోల్చడానికి మూలమే ఉండదు. 511వ సెక్షనులోని న్యాయవిఘాతానికి ఇక్కడ ఒక కొలత దొరుకుతుంది: మారిన మాట నేరానికి మూలాంశమైనదై, దానిని సరిచూసే మూలం మిగలకపోతే విఘాతాన్ని ఊహించడానికి కారణం ఉన్నది. సాక్షి తేదీనో దూరాన్నో చెప్పిన వాక్యం విషయంలో అంత కారణం లేదు. ఇది వాదించి నిలబెట్టవలసిన ప్రతిపాదనే. నిందితుడికి మాత్రమే లాభించే వాదం కాదా అన్న ఆక్షేపణ వస్తుంది. ‘లాక్కుపోయాడు’ అన్న మాట పేలవంగా అనువాదమై శిక్ష తప్పిన కేసులోనూ ఇదే కొలత పనిచేయాలి. అక్కడ నష్టపోయేది బాలిక.

2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తివివాదంలో తెలుగులో తీర్పు వెలువరించింది. సుప్రీంకోర్టు 2019 నుంచి సువాస్ అనే యాంత్రిక అనువాద వ్యవస్థతో తీర్పులను తెలుగు సహా భారతీయ భాషలలోకి తెస్తున్నది. రెండూ సంతోషించదగినవే. అయితే ఇవి తీర్పు పౌరుడి దగ్గరకు వెళ్ళే దారికి సంబంధించినవి. ప్రస్తుత ప్రశ్న పౌరుడి మాట తీర్పు దగ్గరకు వెళ్ళే దారి గురించినది. ఈ తేడా గుర్తించని వ్యాసంలో సువాస్ గురించి ఇరవై పుటలు చేరుతాయి.

6. తులనాత్మక భాగం

కెనడాను ప్రస్తావించడం ఆనవాయితీ. అక్కడ సమాఖ్య చట్టాల ఇంగ్లీషు, ఫ్రెంచి పాఠాలు రెండూ సమానంగా ప్రామాణికం కాబట్టి, రెంటికీ ఉమ్మడి అర్థం వెతికే వ్యాఖ్యాన సంప్రదాయం ఉన్నది. అది శాసనపాఠానికి సంబంధించినది. సాక్షి మాటకు దాని నుంచి పద్ధతి అరువు తెచ్చుకోవచ్చునేమో గానీ నియమం తెచ్చుకోలేము. దీనికంటే 2010 నాటి ఐరోపా సమాఖ్య నిర్దేశం దగ్గరగా ఉంటుంది. క్రిమినల్ విచారణలో దుబాసీ, అనువాద సౌకర్యాలు ఉంటే చాలదు, విచారణ న్యాయబద్ధతను కాపాడగల నాణ్యత వాటికి ఉండాలని అది కోరుతుంది. అయినా అది ప్రధానంగా నిందితుల హక్కుగా రూపొందింది, సాక్షులది కాదు. ఈ పరిమితిని చెప్పి, నాణ్యత అనే ఒక్క భావనను తీసుకొని, రెండు పుటలలో ముగించడం మేలు.

7. రికార్డుల సేకరణ, రచనాక్రమం

ఇటువంటి ప్రశ్నకు తీర్పుల సంపుటాలు చాలవు. అచ్చయిన తీర్పులో సాక్షి క్రియ అప్పటికే ఇంగ్లీషైపోయి ఉంటుంది. విచారణ రికార్డు చూడాలి, అందుకు న్యాయస్థానం అనుమతి కావాలి. బాలికల కేసులలో గోప్యత సౌజన్యం కాదు, చట్టం. లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం, న్యాయ సంహిత 72వ సెక్షను బాధితుల గుర్తింపును బయటపెట్టడాన్ని నిషేధిస్తాయి. పేరు తీసేస్తే సరిపోదు. ఊరు, బడి, తండ్రి వృత్తి, అరుదైన మాండలిక పదం కూడా ఆనవాలు కావచ్చు. వాక్యాన్ని యథాతథంగా ఇవ్వవలసిన పరిశోధనకు ఇది నిజమైన ఇరకాటం. కుటుంబ, స్థల వివరాలను తొలగించి, క్రియను, దాని కర్తృ–కర్మ సంబంధాన్ని మాత్రం నిలుపుకోవడం ఒక మార్గం. పది పన్నెండు రికార్డులు చూసినవారు రాష్ట్రమంతటి గురించి శాతాలు రాయకూడదు. ఇంత కొద్ది సామగ్రి సమస్య ఎట్లా పుడుతుందో చూపగలదు, ఎంత విస్తృతమో చూపలేదు.

2024 జులై 1కి ముందు మొదలైన విచారణలు 531వ సెక్షను ప్రకారం పాత ప్రక్రియాస్మృతి కిందనే కొనసాగుతున్నాయి. కాబట్టి ప్రతి రికార్డుకూ ఏ స్మృతి వర్తిస్తుందో మొదటే గుర్తించుకోవాలి. రెండు సెక్షను సంఖ్యలనూ ఒకసారి పట్టికగా ఇచ్చి, ఆపైన ఆ రికార్డుకు వర్తించేదే వాడితే పాఠకుడికి సులువు.

రాసే క్రమం విషయసూచిక క్రమం కానక్కరలేదు. మొదట ఒకే ఒక్క రికార్డును తీసుకొని, దానిలోని వివాదాస్పద క్రియ ప్రతి ప్రతిలో ఏ రూపంలో ఉందో పట్టిక వేయాలి. తెలుగు వాక్యం ముందు, పదశః అర్థం తరువాత, నమోదైన ఇంగ్లీషు వాక్యం చివర. ఇంగ్లీషులో రాస్తున్న వ్యాసమైనా తెలుగు వాక్యాన్ని తెలుగు లిపిలోనే ఉంచాలి. దాన్ని అనువదించి మాత్రమే చూపే వ్యాసం తాను విమర్శిస్తున్న లోపాన్నే చేస్తున్నది. ఆ పట్టిక నుంచి ఏ సెక్షను అవసరమో తెలుస్తుంది, సెక్షను నుంచి ఏ తీర్పు కావాలో తెలుస్తుంది. పర్యవేక్షకులు న్యాయశాస్త్రం వారే అయినా, ఈ దశలో తెలుగుశాఖ నుంచి ఒకరు పట్టికను చూడడం మంచిది. ‘తోల్కపోయిండు’ అన్నచోట బలవంతం ఉందో లేదో తేల్చడానికి గ్రంథాలయంలోని తీర్పుల సంపుటాలకంటే ఆ ప్రాంతపు మాట తెలిసిన ఒక అధ్యాపకురాలు ఎక్కువ పనికి వస్తుంది.

చివరి అధ్యాయంలోని సూచనల రూపం కూడా అప్పుడు మారుతుంది. ‘తెలుగును అమలుచేయాలి’ అన్న వాక్యం స్థానంలో, అపహరణ కేసులలో బాలిక ముఖ్య విచారణను ప్రశ్నోత్తర రూపంలో, ఆమె మాండలికంలోనే నమోదు చేయాలనీ, చదివి వినిపించినప్పుడు ఆమె చెప్పిన సవరణకు విడిగా ఒక వరుస ఉండాలనీ రాయవచ్చు. ఒక మేజిస్ట్రేటు వచ్చే సోమవారం నుంచి ఆచరించగల సూచన అది.